నల్లబడిన కాయిల్

మార్చి 4, సోమవారం

వైనిమోలి నుంచి పొద్దున్నే ఫోను. ఊరిపెద్ద రోపాటే. శనివారం మధ్యాహ్నం నుంచి ఊళ్ళో కరెంటు లేదట. ఏటి పక్కన, నీళ్ళతో తిరిగే జనరేటర్ గదిలోంచి పొగ వచ్చిందట. "ఎందుకు కాలింది కెలెరా, ఎందుకు కాలింది?" అని ఒకటే ఊపిరాడనివ్వకుండా అడిగాడు. అప్పుడు నేను మా ఆయన వైసాలేకి గడ్డం గీస్తున్నాను. ఒక చేతిలో రేజరు, భుజానికీ చెవికీ మధ్య ఫోను. వాన బాగా పడిందా అంటే పడిందన్నాడు. నీళ్ళు ఎక్కువొచ్చి మిషను మితిమీరి తిరిగి ఉండొచ్చు, వాల్వు దగ్గర మనిషి లేడా అన్నాను.

ఉండొచ్చు అనే అన్నాను.

తర్వాత వైసాలేకి స్నానం, గంజి, మాత్రలు. పక్షవాతం వచ్చి ఇవాళ్టికి సరిగ్గా ఏడు నెలలు. కుడిచెయ్యి అలాగే ఉంది. మాట కొంచెం నయం. "చాలు", "వద్దు", "తలుపు" స్పష్టంగా అంటున్నాడు. నా పేరులో సగం వస్తోంది.

మార్చి 9, శనివారం

జనరేటర్ వచ్చింది. వైనిమోలి వాళ్ళ లారీ, మోటార్లు చుట్టే మా షెడ్డు ముందు దించి వెళ్ళిపోయింది. దాని మీద టార్పాలిన్ కప్పాను. చేపల మార్కెట్ ఫ్రీజరు మోటారు పని ముందు తేలాలి. దీనికి తొందరేమీ లేదు.

మార్చి 11, సోమవారం

తెరవలేదు. వాన.

మార్చి 12, మంగళవారం

తెరిచాను.

మూత తీయగానే మాడిన వార్నిష్ కంపు. మధ్యలో తిరిగే అయస్కాంతం బాగానే ఉంది. చుట్టూ ముప్ఫై ఆరు కాయిల్స్. ముప్ఫై అయిదు కొత్త బెల్లం రంగులో మెరుస్తున్నాయి. ఒక్కటి బొగ్గు.

మిషను మితిమీరి తిరిగితే ఇలా ఒక్కటే కాలదు. అన్నీ కలిసి రంగు మారతాయి. ఇది నేను పాతికేళ్ళుగా చూస్తున్నదే.

చెమ్మ. ఏటి పక్క గది కదా. చెమ్మ పట్టి ఉంటుంది.

మార్చి 13, బుధవారం

రోపాటే ఏదో పని మీద ఇక్కడికి, సావుసావు టౌనుకి వచ్చి, షెడ్డుకి కూడా వచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"నువ్వు చెప్పిన మాటే కరెక్టయిందమ్మా. ఆ రోజు ఆ ముసలాయన యంగోనా తాగిన మత్తులో వాల్వు దగ్గరే కునుకు తీశాడని అందరూ అంటున్నారు. కమిటీలో తేల్చేశాం. గది తాళం తీసేసుకున్నాం."

"ఎవరి దగ్గర్నుంచి?"

"ఇంకెవరు, పెనియాసి దగ్గర్నుంచే. పదకొండేళ్ళు చేశాడు, సరే. వయసైపోయింది. అతను మాత్రం నిద్రపోలేదు, మాడు వాసన రాగానే వాల్వు కట్టేశాను అంటాడు. అందరూ అలాగే అంటారు కదా."

పెనియాసి మామయ్య వైసాలే తల్లికి సొంత తమ్ముడు. మా పెళ్ళిలో నన్ను చేయి పట్టుకుని చాప మీద కూర్చోబెట్టింది ఆయనే.

"లోపల చూశావా? అంతే కదా?" అన్నాడు రోపాటే.

ఇంకా పూర్తిగా చూడలేదన్నాను. అతను టార్పాలిన్ వైపు చూశాడు. టార్పాలిన్ మళ్ళీ కప్పే ఉంది.

నేను ఉండొచ్చు అన్నాను. వాళ్ళు దాన్ని తీర్పు చేసుకుంటే నేనేం చేసేది.

మార్చి 17, ఆదివారం

చర్చి దగ్గర నర్సు ఉనైసి కనిపించింది. వైనిమోలి ఆరోగ్య కేంద్రంలో ఆమె ఒక్కతే. టీకాల ఫ్రిజ్ ఆగిపోయి రెండు వారాలు. ఇక్కడి ఆస్పత్రి నుంచి ఐసు పెట్టె తీసుకుని లారీలో ఒళ్ళో పెట్టుకుని వెళుతోంది. "పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుపోతున్నా అక్కా, ప్రతి గుంతకీ గుండె జారిపోతోంది" అని నవ్వింది. కళ్ళ కింద నల్లగా ఉంది. పోయిన వారం ఒక కాన్పు టార్చిలైటు వెలుగులో చేసిందట. తల్లీ బిడ్డా క్షేమం.

పెనియాసి ఎలా ఉన్నాడని అడగకుండా ఉండాల్సింది. అడిగాను.

"ఇంట్లోంచి రావట్లేదక్కా. బీపీ చూడ్డానికి నేనే వెళ్ళా. చూస్తున్నంతసేపూ ఆ రోజు ఏం చేశాడో మొదటి నుంచి చెబుతూనే ఉన్నాడు. పొద్దున వాల్వు ఎన్ని తిప్పులు తిప్పాడో, మధ్యాహ్నం ఎన్ని తిప్పులో. చివర్లో నన్నే అడిగాడు, 'నేను నిజంగా నిద్రపోయానంటావా సిస్టర్?' అని."

వర్షంలో ఇంటికి వచ్చాం. వైసాలే చక్రాల కుర్చీ బురదలో ఇరుక్కుంది. దింపి, తోసి, మళ్ళీ ఎక్కించి. నడుం పోయింది.

మార్చి 20, బుధవారం

ఒక్కటే తీస్తే పక్కవీ చెడతాయి, అందుకే పాత తీగంతా కోసి తీసేశాను. కాయిల్స్ కూర్చునే గాడులన్నీ శుభ్రం చేశాను. కాలిన కాయిల్‌ని మాత్రం విడిగా ఉంచాను. వైసాలే తన కుర్చీలోంచి దాన్ని ఎడమచేత్తో అందుకుని తిప్పి తిప్పి చూశాడు. ఒక చోట రెండు చుట్లు కరిగి అతుక్కుపోయి ఉన్నాయి. అక్కడ వేలు ఆపాడు. నా వైపు చూశాడు.

"తీగ నాసిరకం" అన్నాను.

కాయిల్‌ని ఒళ్ళో పెట్టుకున్నాడు. భోజనానికి పిలిచినా వదల్లేదు. కర్రపెండలం ముద్దలు నేనే నోట్లో పెట్టాను.

మార్చి 21, గురువారం

చెమ్మ కాదు. తీగ కూడా కాదు.

మార్చి 26, మంగళవారం

చుట్టడం మొదలుపెట్టి నాలుగు రోజులు. చేతివేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. తీగ గాడి అంచుకి గీరుకున్నా వేలికి తెలియడం లేదు. ఇవాళ ఇరవై కాయిల్స్ దాటాక పరీక్ష పెట్టాను. కరెంటిచ్చిన టెస్టరు దిమ్మని లోపల పెట్టి, రంపం బ్లేడుని ఒక్కో గాడి మీదా ఆనించి చూడటమే. కాయిల్స్ బాగుంటే బ్లేడు ఊరికే ఉంటుంది. ఎక్కడైనా రెండు చుట్లు కలిసిపోతే అక్కడ బుర్రుమని వణుకుతుంది. పద్నాలుగో గాడి మీద వణికింది.

గాడిలోంచి ఆ కాయిల్ పీకాను. దానితో పాటు పక్కవి నాలుగు. ఒకరోజు పని పోయింది.

ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు. నేను ఏడిస్తే చూసి వైసాలేకి గొంతు పట్టేస్తుంది, నీళ్ళు కూడా మింగలేడు.

మార్చి 27, బుధవారం

వైసాలే కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నాడు, తనంతట తాను. తీగ ముందుగా తన ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పోవాలని సైగ చేశాడు. పూత మీద గీత ఉన్నచోట "ఆగు" అంటాడు. నేను ఆగి, ఆ ముక్క కోసేసి మళ్ళీ మొదలుపెడతాను. ఇవాళ ఆరుసార్లు ఆగు అన్నాడు. ఆరుసార్లూ నిజమే.

తొమ్మిది కాయిల్స్. మేం ఇద్దరం ఇలా ఒకే బల్ల మీద పని చేసి ఏడు నెలలు దాటింది. పొద్దుగూకేసరికి ఇద్దరికీ మెడలు నిలబడలేదు.

మార్చి 29, శుక్రవారం

ఉనైసి ఐసు కోసం వచ్చినప్పుడు ఇటు తొంగి చూసింది. ఎప్పటికవుతుందని అడిగి, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి చెప్పింది. పెనియాసి మామయ్య నిన్న ఊరికి క్షమాపణ చెప్పుకున్నాడట. పద్ధతి ప్రకారమే. వాళ్ళ నాన్న ఇచ్చిన తంబువా, ఆ తిమింగలం దంతం, పెట్టె అడుగు నుంచి తీసి, నూనె రాసి, రెండు చేతులతో పట్టుకుని రోపాటే ఇంట్లో చాప మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడట.

"ఏమన్నాడు?"

"నిద్రపోయి ఉంటాను, నాకు గుర్తులేదు, క్షమించండి అన్నాడు అక్కా. వాళ్ళు పుచ్చుకున్నారు. ఏం, ఒంట్లో బాలేదా?"

బాగానే ఉందన్నాను.

మార్చి 30, శనివారం

ఆ రోజు ఫోనులో 'ఉండొచ్చు' అనలేదు.

"మితిమీరి తిరిగింది, వాల్వు దగ్గర మనిషి లేడా" అన్నాను. అంతే అన్నాను. గడ్డం గీయడం మధ్యలో ఉంది, ఫోను త్వరగా పెట్టేయాలనిపించింది. ఆ మాట తప్ప ఇంకేం అనలేదు.

ఆగస్టులో ఈ జనరేటర్‌ని చుట్టింది నేనే. సగంలో ఉండగా వైసాలే పడిపోయాడు. లంబాసా ఆస్పత్రిలో పెట్టి, బస్సులో వెనక్కి వచ్చి, మిగతాది ఒక్కదాన్నే రెండు రోజుల్లో పూర్తి చేశాను. ఒక కాయిల్‌ని గాడిలోకి నొక్కుతుంటే పూత గీరుకుని రాగి తళుక్కుమంది. చూశాను. పీకి మళ్ళీ చుట్టాలంటే ఆస్పత్రికి వెళ్ళే బస్సు తప్పిపోతుంది. వేలి కొసతో వార్నిష్ అద్ది లోపలికి తోసేశాను. బ్లేడు పరీక్ష పెట్టలేదు. తీగ నుంచి ఇనుముకి కరెంటు కారుతోందా అని చూసే మెగ్గర్ ఒక్కటే పెట్టాను. పక్కపక్క చుట్లు కలిసినా మెగ్గర్ పట్టుకోదని నాకు తెలుసు.

తెరిచిన రోజే ఆ చోటు గుర్తుపట్టాను. అంతకుముందే తెలుసు, టార్పాలిన్ కప్పినప్పుడే.

పగలు కూర్చుని వైసాలేకి ఇదంతా చెప్పాను. అతను ఆ నల్ల కాయిల్‌ని ఇంకా తన మంచం పక్కనే పెట్టుకున్నాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"చూడ... గానే."

"మరి ఎందుకు ఊరుకున్నావయ్యా?"

చాలాసేపు మాట కోసం వెతికాడు. "నువ్వు... చెప్పాలి" అన్నాడు. తర్వాత, "నా... కోసం... పరుగెత్తావు. తప్పు... నాదీ."

నీది కాదని అరిచాను. పక్కింటి కుక్క మొరిగింది. తర్వాత వైసాలే బీరువా పైన బట్టలో చుట్టిన తన తంబువా దించమన్నాడు.

ఏప్రిల్ 3, బుధవారం

వార్నిష్ అయింది. ఓవెన్లో ఆరింది. బ్లేడు ముప్ఫై ఆరు గాడుల మీదా కదల్లేదు. రెండోసారి పెట్టాను. మూడోసారి వైసాలే తన చేత్తో పెట్టాడు.

ఏప్రిల్ 6, శనివారం

ఇప్పుడే వైనిమోలి నుంచి వచ్చాం. కాళ్ళు లేవడం లేదు. రేపటికి మాటలు మారిపోతాయి, ఇప్పుడే రాసేస్తాను.

లారీలో జనరేటర్, దాని పక్కన వైసాలే కుర్చీ తాళ్ళతో కట్టి. ఊళ్ళోకి వెళ్ళగానే మగవాళ్ళు వచ్చి జనరేటర్ దించబోయారు. ముందు రోపాటే ఇంటికి అన్నాను. పెనియాసి మామయ్యని పిలిపించమన్నాను. "ఆయన దేనికిప్పుడు?" అన్నాడు రోపాటే. పిలిపించమని మళ్ళీ అన్నాను.

వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, చర్చికి వెళ్ళేటప్పటిది. మళ్ళీ ఏదో అడుగుతారనుకున్నాడు కాబోలు. తలుపు దగ్గర అంచున కూర్చున్నాడు. ఇద్దరు మనుషులు వైసాలేని ఎత్తి చాప మీద కూర్చోబెట్టారు. వైసాలే తంబువాని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతిని దాని కింద నేను పెట్టాక, మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎవరైనా రెండు నిమిషాల్లో చెప్పే మాటలు అవి. అతనికి ఎంతసేపు పట్టిందో తెలియదు. ఒక్కో మాటకీ ముఖమంతా చెమట. ఒక ముసలావిడ ఆపేయమన్నట్టు చెయ్యెత్తింది. పెనియాసి మామయ్య, "చెప్పనివ్వండి. మా అక్క కొడుకు" అన్నాడు.

"మా... ఇంటి... తప్పు" అని ముగించాడు వైసాలే.

అప్పుడు నేను చెప్పాను. నల్ల కాయిల్‌ని చాప మీద పెట్టాను. ఆగస్టులో ఏం చేశానో చెప్పాను. ఫోనులో ఏమన్నానో చెప్పాను. తెరిచి చూసి కూడా దగ్గర దగ్గర నాలుగు వారాలు నోరు మూసుకున్నానని చెప్పాను. రోపాటే ముఖం మాడిపోయింది.

"ఇదేంటమ్మా, ఈయన రెండు వారాలైనా కాలేదు, ఇక్కడే కూర్చుని మాకు క్షమాపణ చెప్పుకున్నాడు. నీ మాట నమ్మే కదా మేం..."

"తెలుసు."

"తెలిసి ఇప్పుడా వస్తావు?"

అవునన్నాను. దానికో సాకు ఉన్నట్టు ఇక్కడ రాసుకోను.

పెనియాసి మామయ్య ఇవేవీ వింటున్నట్టు లేడు. ముందుకు జరిగి కాయిల్‌ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది ఒక్కటే ఎందుకు కాలిందమ్మాయ్? నాకు అర్థమయ్యేలా చెప్పు."

చెప్పాను. "నీళ్ళు తిప్పితే లోపల అయస్కాంతం తిరుగుతుంది మామయ్యా. అయస్కాంతం తీగ ముందు నుంచి పోయిన ప్రతిసారీ తీగలో కరెంటు పుడుతుంది. చుట్లన్నీ వరసగా ఉంటే అది బయటికొచ్చి మీ బల్బులకి పోతుంది. రెండు చుట్లు ఒకదానికొకటి తగిలాయనుకోండి, అక్కడ ఒక ఉంగరం తయారవుతుంది. ఆ ఉంగరంలోనూ కరెంటు పుడుతుంది. దానికి బయటికి దారి లేదు. అక్కడక్కడే తిరిగి తిరిగి వేడెక్కి కాలిపోతుంది."

"నీళ్ళు ఎక్కువైతే?"

"అన్ని కాయిల్స్‌కీ ఒకేలా దెబ్బ తగిలేది. ఇలా ఒక్కటే మాడేది కాదు."

ఆయన కాయిల్‌ని తిప్పుతూ ఉన్నాడు. "అయితే వాల్వు నేను కట్టేశానా?"

"కట్టేశారు. ఇంకో పది నిమిషాలు తిరిగి ఉంటే పక్కవి కూడా అంటుకునేవి. ఒక్కటే కాలింది. నిద్రపోయిన మనిషి అంత త్వరగా కట్టేయలేడు."

"వాసన రాగానే కట్టేశాను."

"అవును."

"నేను మెలకువగానే ఉన్నాను."

"ఉన్నారు మామయ్యా."

"ఇంకోసారి చెప్పు. వాళ్ళకి చెప్పు."

వాళ్ళ వైపు తిరిగి చెప్పాను. వెనక ఎవరో ముక్కు చీదుకున్నారు. రోపాటే లేచి లోపలికి వెళ్ళి, మామయ్య ఇచ్చిన తంబువాని తెచ్చి ఆయన ముందు పెట్టాడు. పెట్టేటప్పుడు తల వంచాడు. మా తంబువాని మామయ్య రెండు చేతులతో అందుకున్నాడు, పద్ధతి ప్రకారం అనాల్సిన మాటలు అన్నాడు, క్షమించానన్నాడు. గొంతులో కోపమూ లేదు, ప్రేమా లేదు. తర్వాత వైసాలే దగ్గరికి జరిగి అతని కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

జనరేటర్‌ని వెదురుబొంగుకి కట్టి ఎనిమిది మంది ఏటికి మోసుకెళ్ళారు. బోల్టులు బిగించి, బెల్టు ఎక్కించి, తీగలు కలిపేసరికి మధ్యాహ్నం మూడు. రోపాటే తాళం తీసి మామయ్యకిచ్చాడు. ఊళ్ళో పెద్దవాళ్ళంతా ఏటి ఒడ్డున.

మామయ్య వాల్వు చక్రం మీద చేతులు పెట్టి ఆగిపోయాడు.

"తిప్పనా అమ్మాయ్?"

"తిప్పండి."

ఒక తిప్పు తిప్పాడు. నీళ్ళు బుసకొట్టాయి. "చాలా? ఇంకా?"

"ఇంకో తిప్పు."

పదకొండేళ్ళు ఆ చక్రాన్ని ఎవరినీ అడగకుండా తిప్పిన మనిషి. నీళ్ళ చప్పుడు విని చెప్పేవాడు ఎన్ని వోల్టులో. ఇవాళ మీటరు వైపు చూడకుండా నా ముఖం వైపు చూస్తున్నాడు. "ఎక్కువైందా? ఇది ఎక్కువ కాదు కదా?" ప్రతి తిప్పుకీ అడిగాడు. పక్కనే నిలబడి ప్రతిసారీ చెప్పాను. రెండు వందల ముప్ఫై చూపించింది మీటరు. పైన ఊళ్ళోంచి పిల్లల అరుపులు వినిపించాయి. ఆరోగ్య కేంద్రం గుమ్మంలోంచి ఉనైసి రెండు చేతులూ ఊపింది.

ఆయన చక్రం మీద నుంచి చేతులు తీయలేదు.

వచ్చేటప్పుడు ఒక బుట్ట నిండా దాలో దుంపలు లారీలో పెట్టించాడు. వైసాలేకట.

ఏప్రిల్ 8, సోమవారం

పొద్దున ఏడింటికి ఫోను. ఉనైసి నంబరు, మామయ్య గొంతు.

"రెండు వందల ముప్ఫై రెండు చూపిస్తోంది. తగ్గించనా?"

"అక్కర్లేదు మామయ్యా, బాగుంది."

పెట్టేశాడు.

ఏప్రిల్ 9, మంగళవారం

"రెండు వందల ఇరవై ఎనిమిది." బాగుందన్నాను.

ఏప్రిల్ 12, శుక్రవారం

రోజూ ఏడింటికి. ఇవాళ రెండుసార్లు చేశాడు. కొండ మీద వాన పడుతోందట, అర తిప్పు కట్టేయాలా అని. మీకేమనిపిస్తోందని అడిగాను. చాలాసేపు ఏటి చప్పుడే వినిపించింది. "నాకేమీ అనిపించట్లేదమ్మాయ్, నువ్వే చెప్పు" అన్నాడు.

కట్టేయమన్నాను. తర్వాత ఇంకో మోటారు ముందు కూర్చుని తీగ ఎక్కడ వదిలానో మర్చిపోయాను.

ఏప్రిల్ 19, గుడ్ ఫ్రైడే

ఇవాళ చేయడనుకున్నాను. చేశాడు. "ముప్ఫై. అర తిప్పు నేనే కట్టేశా, వాన వస్తుందని. తప్పేం లేదుగా?"

తప్పేం లేదన్నాను. వైసాలే కుర్చీలోంచి, "వాన... వచ్చిందా?" అని అడగమన్నాడు. అడిగాను. రాలేదట. మామయ్య కొంచెం నవ్వినట్టు వినిపించింది, లేదా లైను గరగరో.

ఏప్రిల్ 24, బుధవారం

ఏడు దాటింది. ఎనిమిది. వైసాలేకి గంజి పట్టించాను, స్నానం చేయించాను. ఫోను బల్ల మీద ఎదురుగానే పెట్టుకున్నాను. తొమ్మిదిన్నర. ఒక కాయిల్ మొదలుపెట్టి ఆపాను. చుట్లు లెక్క తప్పాయి. మళ్ళీ ఏదో కాలిందనుకున్నాను. ఆ ముప్ఫై ఆరింటినీ మనసులో ఒక్కొక్కటిగా తడుముకున్నాను. పది అయ్యేసరికి ఉండలేక నేనే ఉనైసికి చేశాను.

"కరెంటుందా?"

"ఉందక్కా, ఫ్రిజ్ చల్లగా ఉంది. ఏం?"

"మామయ్య ఫోను చేయలేదు."

"ఓ, ఆయనా. పొద్దున్నే వెళ్ళి వాల్వు తిప్పేసి, కత్తి భుజాన వేసుకుని దాలో తోటకి పోయాడు. ఫోను కావాలా తాతా అంటే, 'దేనికి?' అన్నాడు. ఏమైనా చెప్పమంటావా?"

"ఏం లేదు. చెప్పొద్దు."

వైసాలే నన్నే చూస్తున్నాడు. చెప్పాను. తల ఊపి కళ్ళు మూసుకున్నాడు. నేను కాయిల్ అంతా విప్పేసి, ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.